బెత్తెడు తేడా

మా దోస్తిక్ స్టేషన్లో
రెండు దేశాల పట్టాలకి తేడా బెత్తెడు.
నాలుగు వేళ్లు పక్కపక్కన ఆనిస్తే సరిగ్గా అంతే.
ఆ బెత్తెడు కోసం ముప్పై ఏళ్లు
ఒక్కో పెట్టెనీ జాకీల మీద ఎత్తి
వెడల్పు చక్రాలు తీసి ఇరుకు చక్రాలు తొడిగాను.
నిద్రపోయేవాళ్లు నిద్రపోతూనే గాల్లోకి లేచేవారు.
ఒకసారి ఓ ముసలమ్మ కిటికీలోంచి వంగి
ఉడికిన గుడ్డు అందించింది, ఇంకా వేడిగానే ఉంది.
ఎక్కడికమ్మా అని అడగలేదు.
నోట్లో గుడ్డు, చేతుల నిండా గ్రీజు.

ఇప్పుడు అరవై ఆరు.
వంటింటి బల్ల మీద పటం పరిచాను.
కనుమ గాలి తలుపు సందులోంచి దూరి
వియత్నాం వైపునుంచి దాన్ని లేపుతుంది.
ఒక మూల ఉప్పు డబ్బా, ఒక మూల కళ్లజోడు పెట్టె,
మూడో మూల కుల్పాష్ మోచెయ్యి.
నాలుగోది ఎగురుతూనే ఉంది.

ఉరుంచి, లాంజో, నాన్నింగ్, హనోయ్.
అక్కణ్ణుంచి పట్టాలు ఇంకా సన్నమట, మీటరే.
చూడాలి. వంగి చేత్తో కొలిచి చూడాలి.
సైగాన్ దాకా పక్కపక్కనే సముద్రమట.
నేనెరిగిన పెద్ద నీళ్లు అలకోల్ సరస్సు.
అవీ ఉప్పనే, కానీ తెరిపి ఇచ్చిన రోజున
అవతలి కొండలు కనబడిపోతాయి.

జుమాగెల్ది వస్తానన్నాడు.
మూడు శీతాకాలాలు ఇద్దరం కలిసి లెక్కలేశాం.
మార్చిలో తన వాటా డబ్బుతో ఆవును కొన్నాడు.
"చూలుతో ఉంది, ఎలా రానూ" అంటాడు
నా ముఖం చూడకుండా దాని వీపు నిమురుతూ.
మంచి ఆవే. కాదనను.

వీసా కాగితంలో ఒక గడి,
గతంలో చేసిన విదేశీ ప్రయాణాలు.
సున్నా చుట్టాను.
చక్రంలా ఉంది అంది కుల్పాష్.
చక్రం ఒంటిగా ఉండదే, జతగా ఉంటుంది అన్నాను.
"జతకి నా వైపు చూడకు,
నా మోకాళ్లు ప్లాట్‌ఫారం దాటవు."

డాక్టర్ రౌషన్ మాత్రలిచ్చింది,
రోజుకి మూడు చొప్పున తొంభై రోజులకి.
లెక్క సరిపోయాక ఇంకో పది రోజులవి సంచిలో పడేసింది.
ఎందుకన్నాను.
"గాలికి రైళ్లు ఆగవూ?"

కుల్పాష్ మూడు కిలోల కుర్త్,
రాయిలా ఎండిన పెరుగు ఉండలు, గుడ్డలో మూటకట్టింది.
ముడి బిగిస్తూ అంది,
"జబ్బు చేస్తే వచ్చెయ్.
చెయ్యకపోయినా వచ్చెయ్."

కింది బెర్తు దొరికింది.
నా జాకీ దగ్గర ఇప్పుడు బెకాసిల్ అనే కుర్రాడు.
నేను పైనున్నప్పుడు మెల్లిగా దించరా అంటే
గుడ్డు పెడితే దించుతానంటాడు.
ఆ కథ వాడికి ఎవరు చెప్పారో.

అన్నీ కుదిరాయి, ఒక్కటి తప్ప.
పెట్టె ఎత్తినంతసేపూ మరుగుదొడ్లకి తాళం.
కింద మనిషి పని చేస్తుంటాడు కదా మరి,
ఆ మనిషిని నేనే.
కిటికీల్లో ముసలాళ్లు కాలు మీద కాలు మెలేసి
దేవుణ్ణి తలుచుకుంటున్నట్టు కూర్చునేవారు.
నేనూ జుమాగెల్దీ కిందనుంచి చూసి పకపకా నవ్వేవాళ్లం.
ఒక రాత్రి కావాలనే ఒక బోల్టు ఆలస్యంగా బిగించాం.
చేసుకున్నది వడ్డీతో సహా
ఒంట్లోనే జమవుతుంది కాబోలు.

రెండు గంటల యాభై నిమిషాలు.
మా డిపో వేగం నాకు తెలీదా!

అందుకే రోజూ సాయంత్రం
రెండు గిన్నెల పాల టీ తాగి
గోడ గడియారానికి ఎదురుగా కుర్చీ వేసుకుంటున్నాను.
మొదటి వారం గంటకే ఓడిపోయాను.
ఇవాళ రెండు గంటల పది, ఇంకా కదల్లేదు.

"ఏం చేస్తున్నావక్కడ, చీకట్లో?"
"గాల్లో ఉన్నాను కుల్పాష్.
ఇంకా నలభై నిమిషాలు."