ఒంటి తుమ్ము

గుంటూరులో తుమ్ముకి లెక్కలేదు.
ఏటుకూరు రోడ్డు దాటి యార్డు గేటు దగ్గరికొస్తే
ఆటో తుమ్ముతుంది, అంటే ఆటోవాడు.
తేజ కాయ దిగే వారమైతే
కాటా గుమస్తా అంకె చెబుతూ మధ్యలో తుమ్ముతాడు,
ధర పడిందేమోనని రైతు ఉలిక్కిపడతాడు.
ఎవరు తుమ్మినా పక్కనెవరో
"నూరేళ్ళు" అనేసి
టిక్కీ వీపుకెత్తుకుంటారు.

నేను మౌలాలిని. పట్టలు కుడతాను.
కాయ మీద కప్పే బరకాలు, లారీ పట్టలు,
పెళ్ళికీ చావుకీ అదే షామియానా.
వానని గుడ్డతో ఆపడం నా పని.
గాలిని గుడ్డతో పట్టొచ్చని
ఆ పిల్ల వచ్చేదాకా తెలియదు.

నిజాంపట్నం రేవు నుంచి టాటా ఏస్‌లో తెచ్చింది.
పేరు కెజియా.
"పట్ట కాదు బాబాయ్, తెరచాప."
ఎక్కడికమ్మా అంటే
"ముందు మడగాస్కర్, తర్వాత చూద్దాం" అంది,
తెనాలిలో దిగి రేపల్లె బండి అందుకుంటానన్నట్టు.
"ఎవరెవరు?"
"నేనే."
"ఇంకా?"
"నేనే బాబాయ్."

గుడ్డ కొట్లో పట్టలేదు.
యార్డులో ఖాళీ షెడ్డు అడిగి పరిచాం.
ఊడ్చాను, రెండుసార్లు ఊడ్చాను.
మిరపదుమ్ము చీపురుకి లొంగేదైతే
మా బీబీజాన్ కళ్ళు ఇలా ఉండేవా?
మిషన్ సూది విరిగింది.
దబ్బనంతో, మైనం రాసిన దారంతో మూడు రాత్రులు.
హమాలీ ఏసోబు అంచు పట్టుకున్నాడు,
పసిబిడ్డ కాళ్ళు పట్టుకున్నట్టు.
"జంటకుట్టు వెయ్యి బాబాయ్,
ఒకటి తెగితే రెండోది ఉండాలి" అంది.
వేశాను.
నోటిదాకా వచ్చిన మాట మింగి
ముడి వేశాను.

మడతపెట్టి బండెక్కింది.
డ్రైవరు తాళం తిప్పాడు.
అప్పుడు, వెధవ ముక్కు,
నేను తుమ్మాను.
ఒక్కటే.

బజారంతా నావైపు చూసింది.
ఏసోబు గబగబా చెంబు తెచ్చి
"కూచో తల్లీ, నీళ్ళు తాగి కదులు" అన్నాడు.
రెండో తుమ్ము కోసం నేను పడ్డ పాట్లు!
సూర్యుణ్ణి చూశాను, కండువా కొస ముక్కులో దూర్చాను,
పగిలిన కాయ నలిపి వాసన చూశాను.
ఊరు ఊరంతా తుమ్మే ఊళ్ళో
నాకు తుమ్ము రాలేదు.
ఆ పిల్ల పగలబడి నవ్వి, నీళ్ళు తాగి
వెళ్ళిపోయింది.

నలభై మూడో రోజు ఫోనొచ్చింది.
నేనన్న మాటకి జవాబు
మూడు గుక్కల తర్వాత వచ్చేది.
"కుట్టు ఆగింది బాబాయ్.
పక్క కుట్టు మొన్న తెగింది, నీది ఆగింది."
ఏం తింటున్నావంటే అటుకులంది.
నిద్రంటే, ఇరవై నిమిషాలకోసారి లేచి చుట్టూ చూస్తానంది.
ఏం కనపడుతుందంటే
"ఏమీ కనపడలేదని చూడాలిగా" అంది.

తర్వాత గొంతు తగ్గింది.
"రాత్రి గాలి తిరిగింది బాబాయ్.
తెరచాప టపటపా కొట్టుకుంటే నీ కుట్టులోంచి ఎర్రదుమ్ము రాలింది.
తుమ్మాను.
తుమ్మి, ఆగాను.
ఎవరో ఏదో అంటారని.
మా అమ్మ వంటింట్లోంచి అన్నట్టు.
ఎంతసేపు ఆగానో తెలుసా"

లైను తెగింది.
నూరేళ్ళు అన్న మాట
నా పళ్ళ వెనకే ఉండిపోయింది.

సముద్రం నేను ఒకసారి చూశాను, సూర్యలంకలో,
లాగు తడిస్తే వెనక్కొచ్చాను.
లోతు తెలియదు. వెడల్పు కూడా
మొన్నటిదాకా తెలియదు.

ఇప్పుడు రాత్రి షట్టరు దించాక
బాపట్ల వైపు తిరిగి నిలబడతాను.
అటేనో కాదో, ఏసోబు చెయ్యి చూపించాడు.
గట్టిగానే అంటాను,
"నూరేళ్ళు తల్లీ, నూరేళ్ళు."

"ఎవరు తుమ్మారు?" అంటుంది
అన్నం గిన్నె దించుతూ బీబీజాన్.

దూరం కదే,
ఇంకా వినపడలేదు.