ఎన్ని కంప్యూటర్లలో?

రిచీ స్ట్రీట్‌లో మూడు శనివారాలు తిరిగాను.
ఒక కొట్లో బోర్డు, ఇంకో కొట్లో ర్యామ్,
మెట్ల కింద కూచునే ముసలాయన దగ్గర
బేరమాడకుండా ఒక ఫ్యాన్.
ఇళంగో స్క్రూలు బిగించాడు.
చివర్లో ఒకటి మిగిలింది.
"మిగలకపోతేనే అనుమానించాలక్కా" అన్నాడు.

ఒళ్లంతా కొత్తదే. లోపల నడిపించేది మాత్రం పాతది.
దాని తాళంచెవి
వెనకటి డబ్బాకి గమ్ముతో అంటించిన కాగితం మీద
ఇరవై అయిదు అక్షరాలు.

ఆ డబ్బా నా జీతం.
చూళైలో కనక గ్రాఫిక్స్ మూసేసిన రోజు
భానోజీరావు గారు చేతిలో డబ్బు ఆడక
మూడు నెలల బాకీ కింద
ఆటోలో ఎక్కించి పంపారు.
దాంతోనే పదకొండేళ్లు
పెరంబూరు తెలుగువాళ్ల శుభలేఖలు,
పదకొండో రోజు కార్డులు,
ఒక రంపపు మిల్లు కేలండరు.
డిసెంబరు నీళ్లు మోకాలిదాకా వచ్చిన రాత్రి
కార్డుల కట్టలు మంచం మీదికి చేర్చాను.
దాన్ని ఎత్తలేకపోయాను.

కాగితం నాని ఆరింది.
నాలుగో అక్షరం బీయో ఎనిమిదో తేలదు.
పెళ్లికొడుకు ఇంటిపేరులో ఒత్తు జారితే
పట్టేసే కళ్లు ఇవి.
టార్చి వాలుగా వేసి చూశాను.
బీ.

"ఇది వేరే యంత్రం" అంది తెర. ఫోన్ చెయ్యమంది.
ఫోన్లో ఆడగొంతు. మనిషి కాదు.
అంకెలు గుంపులు గుంపులుగా చదవమంది.
పైకి ఇంగ్లీషు. లోపల
ఏడు, సున్నా, సున్నా, నాలుగు.
బస్సులో చిల్లర తమిళంలో అడుగుతాను గానీ
లెక్క ఇప్పటికీ తెలుగులోనే తేలుతుంది నాకు.

"ఎన్ని కంప్యూటర్లలో ఉంది?"
పాతది బల్ల కిందే ఉంది.
ఇప్పుడు కూడా కాళ్లు దాని మీదే.
బురద కడిగి, ఎందుకో మళ్లీ మూత బిగించాను.
అందులో ఎన్ని పెళ్లిళ్లున్నాయో!
కొన్ని జంటలు విడిపోయే ఉంటాయి.
కార్డులు మాత్రం
అచ్చుతప్పు లేకుండా మునిగాయి.

ఆ గొంతు మళ్లీ అడిగింది.
కాళ్లు తీసి నేల మీద పెట్టి
"ఒకటి" అన్నాను.

తిరిగి తను చెప్పిన అంకెలు
ముహూర్తం మారిన ఒక శుభలేఖ వెనక రాసుకుని
కొట్టాను.
తెర వెలిగి
యజమాని పేరు అడిగింది.
పదకొండేళ్లూ అక్కడ భానోజీరావు గారే ఉన్నారు,
మార్చాలని తోచనే లేదు.
వకుళ, అని కొట్టాను.
ఎవరిదో కార్డు చూసినట్టు
రెండుసార్లు సరిచూశాను.

టీ తెచ్చిన ఇళంగో చెవి ఒగ్గి
"ఫ్యాన్ అదురుతోందక్కా" అన్నాడు,
మిగిలిన స్క్రూ కోసం
జేబులు తడుముకుంటూ.