నిమిషానికి ఎన్ని మాటలు

కొరుక్కుపేటలో రైలుగేటు పడిందంటే
ఇరవై నిమిషాలు లేవదు.
ఆ ఇరవై నిమిషాలూ నా రోజుకూలీలోనివే.
సంచిలో నలభై ఫారాలు, ఒక స్టాప్‌వాచ్,
మెడలో ఏదో సంస్థ పేరున్న అట్టముక్క.

కార్పొరేషన్ బడి, మేడమీద చివరి గది
తెలుగు సెక్షన్.
అయిదు తరగతులు, పదకొండు మంది,
ఒక్క కృపావతి టీచరు.
నల్లబల్లని సుద్దగీతతో చీల్చి
ఇటు గుణింతం, అటు భాగహారం.
"కూర్చోమ్మా, ఫ్యాను మాత్రం అడక్కు" అంది.

నాలుగో తరగతి పిల్ల. పేరు వెంగమాంబ.
హాజరుపట్టీలో చోటు చాలక వి. అంబ.
వాళ్లమ్మ తెల్లారకముందే వీధులూడ్చి వస్తుంది.
ముత్తాత నెల్లూరు నుంచి మోసుకొచ్చిన తెలుగూ
ఈ వీధి అరవమూ
దాని నోట్లో ఒకే బిందెలో నీళ్లు.

కాగితం ఇచ్చాను. వాచీ నొక్కాను.
*రాము పొలం గట్టు మీద నడిచాడు.*
రాము. పొలం. గట్టు.
ఆగింది.
"గట్టంటే ఏందక్కా?"

జవాబు చెప్పకూడదు.
శిక్షణలో మూడుసార్లు చెప్పారు.
పన్నెండు సెకన్లు. పదమూడు.
"మా కాలవకి ఉంటాదే, సిమెంటుది,
సాయంత్రం కూర్చుంటామే, అదా?"
ముప్ఫై ఒకటి.
"వానకి అది మునిగిపోతాదక్కా.
మరి రాము ఎట్ట నడిచాడు?"
నిమిషం అయిపోయింది.

మాటలు: మూడు.
గడి: చదవలేదు.
మన భాషలో ఆ ముక్కకి రెండర్థాలున్నాయి,
ఫారానికి ఒకటి చాలు.
పక్కన పెన్సిల్‌తో రాశాను: అడిగింది.
ఆఫీసులో అంకెలెక్కించే కుర్రాడు ఫోన్ చేశాడు,
"అంచుల్లో రాసిందానికి కాలమ్ లేదు మేడమ్."
సరే వదిలెయ్ అన్నాను.
నేనే అన్నాను.

ఆరు నెలలకి నివేదిక వచ్చింది.
నున్నటి అట్ట మీద నవ్వుతున్న పిల్ల, ఏ ఊరిదో.
నలభై రెండో పేజీ పటంలో
మా గది ఒక ఎర్రచుక్క.
కింద సిఫారసు:
పదిహేను మందికి తగ్గిన సెక్షన్లను
దగ్గరి బడిలో కలపాలి.

దగ్గరి బడి గేటుకి అవతల.
గేటు పడితే పిల్లలు ఆగరు,
సంచీ ముందు విసిరి
కడ్డీ కింద నుంచి దూరతారు.
అటు నుంచి ఇటు ఎన్ని సెకన్లో
ఏ పట్టికలోనూ లేదు.

స్టాప్‌వాచ్ ఇంకా నా దగ్గరే ఉంది.
తిరిగిమ్మని
ఎవరూ అడగలేదు.