తడి

ఆరో ఆట. పనెవెజీస్‌కి మూడు గెలుపులు, మాకు రెండు.
క్లైపెడా హాల్లో సముద్రపు గాలికి కూడా
కూర్చోడానికి చోటు లేదు.
నా చోటు కుడి బుట్ట కింద, నేల మీద,
మోకాళ్ళ పక్కన వెడల్పాటి గుడ్డకర్ర.

పదకొండేళ్ళుగా నేను చూసిన బాస్కెట్‌బాల్ అంతా
నడుము కిందదే:
బూట్లు, పిక్కలు, కీచుమనే మలుపులు,
ఎవడైనా పడితే చెక్క మీద వాడి వీపు అచ్చు.
ఈలకీ ఈలకీ మధ్య
ఆరు సెకన్లు నావి.

చెమటకి జట్టు లేదంటారు కొందరు.
వాళ్ళెప్పుడూ తుడిచి ఉండరు.
మా స్కోమాంతస్ చెమట జిడ్డు, వేడినూనె రాసుకుని దిగుతాడు.
ఆ రిమ్‌విదాస్‌ది ఉత్త నీళ్ళు,
దీపాల కింద కనపడదు.
తల పక్కకి వంచితేనే మెరుస్తుంది.

తల వంచాను.
మెరిసింది.
అరచేతంత, గీతకి లోపల.
ఈల మోగింది. ఆరు సెకన్లూ ఉన్నాయి.
బోర్డు మీద వాళ్ళు ఒక పాయింటు పైన.
గుడ్డకర్ర నా చేతిలోనే ఉంది.

ఎందుకు లేవలేదని ఎవరైనా అడిగితే
మోకాలు పట్టేసిందని చెప్తాను.
పట్టేసింది కూడా,
తర్వాత.

బంతి అందుకుని అతను సరిగ్గా అక్కడికే వచ్చాడు.
ఆరువేల గొంతుల కింద
ఆ చీలమండ చప్పుడు నాకొక్కదానికే వినపడింది,
పచ్చి చిక్కుడుకాయ విరిచినట్టు.
బంతి దొర్లుకుంటూ మావాళ్ళ చేతికి.
ఒక్క పాయింటుతో గెలిచాం.

కాలు జారితే తీసుకోవచ్చు,
నోరు జారితే తీసుకోలేమంటారు.
కాలు అతనిది.
నా నోరు ఇంతవరకూ జారలేదు.

ఏడో ఆట వాళ్ళ ఊళ్ళో.
రేవు క్యాంటీన్ టీవీ ముందు, ఔద్రోనె భుజం పక్కన
నిలబడి చూశాను.
మొదటిసారి మొహాలు చూశాను.
బెంచీ చివర రిమ్‌విదాస్,
మెడలో టై, ఒళ్ళో ఊతకర్రలు.
ఎంత చిన్నవాడు!
రావాలో వద్దో మీసమింకా తేల్చుకోలేదు.

పందొమ్మిది పాయింట్ల తేడాతో కప్పు మాది.
రాత్రి పదకొండైనా ఆరని జూన్ వెలుగులో
రేవులో ఓడలన్నీ ఒక్కసారి కూతపెట్టాయి.
ఔద్రోనె నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది.
నేనూ అరిచాను.
సంతోషంగానే అరిచాను, అబద్ధమెందుకు.

వారం పోయాక స్కోమాంతస్ హాలుకొచ్చి
బుట్ట నుంచి కోసుకొచ్చిన వల ముక్క
నా గుప్పిట్లో పెట్టాడు.
"ఇది నీ వాటా, అక్కా."
మొహంలోకి చూశాను. నవ్వుతున్నాడు,
అందరికీ నవ్వినట్టే.

దాన్నేం చేసుకోను?
వెల్లుల్లిపాయలు వేసి వంటింటి కిటికీకి కట్టాను.
గాలికి ఊగుతుంది.
కింద నేల మీద దాని నీడ,
అరచేతంత.

తడి అనుకుని
ఇప్పటికి రెండుసార్లు లేచాను.