ఎడమచేతి తొడుగులు

మొదటిసారి వేసినప్పుడు పదకొండుమంది వచ్చారు.
ఆరుగురు సగంలోనే లేచిపోయారు.
వాళ్లలో ఒకాయన, చేపల దుకాణం రీనో లాంపి,
డబ్బులు వెనక్కిమ్మని
నా గాజు కిటికీ మీద ఉంగరంతో కొట్టాడు.
"కథేదమ్మా ఇందులో?
దుప్పి ఒకటి వేసవి శిబిరానికి పెద్దదట,
ఈత నేర్పేవాడికి నీళ్లంటే ఏమిటో తెలియదట,
జూలై ఎండలో పిల్లలంతా
పోయిన ఎడమచేతి ఉన్ని తొడుగు కోసం వెతుకుతారట,
పోనీ దొరుకుతుందా అంటే అదీ లేదు!"
నాలుగు డాలర్లు ఇచ్చేశాను.
చిల్లర లెక్కపెట్టుకుంటూ మెట్ల మీద ఆగి
"నీళ్లంటే తెలియదట" అన్నాడు మళ్లీ, తనలో తనే.
భుజాలు కదిలాయి.
దగ్గనుకున్నాను.

ఇప్పటికి ఇరవై రెండేళ్లు.
ఆగస్టు ఆఖరి శుక్రవారం, అర్ధరాత్రి,
సుపీరియర్ సరస్సు మీది చలిగాలి
తలుపు సందులోంచి దూరి టికెట్లు ఎగరగొట్టే వేళ,
వీధి మలుపుదాకా వరుస.
ఇనప గనుల్లో రెండో షిఫ్టు దిగినవాళ్లు,
నర్సింగ్ కాలేజీ పిల్లలు,
టోపీ కళ్లమీదికి లాక్కున్న పాస్టరుగారు.
అందరి జేబుల్లోనూ ఒక్కో ఎడమచేతి తొడుగు.
ముందు వరుసలో రీనో.
అట్టముక్కలతో చేసుకున్న దుప్పి కొమ్ములు పెట్టుకుంటాడు.
వెనకవాళ్లకి తెర కనబడదు.
ఒక్కరూ తీయమనరు.

నవ్వు నాలుగు విధాల చేటంటారు.
గోడకి చెవి ఆనించి ఇన్నేళ్లుగా వింటున్నదాన్ని,
నాలుగు దగ్గర ఆగిందని నేననుకోను.
పడవ సాండ్‌విచ్‌కి ప్రేమలేఖ రాసే చోట
కుర్రాళ్లు కుర్చీల కీళ్లు ఊడేలా నవ్వుతారు.
వంటవాడు సూపు గిన్నెకి సెల్యూట్ కొట్టి ఏడ్చే చోట
మాటలన్నీ తెరకంటే ముందే వీళ్లే చెప్పేస్తారు,
తెర వెనకబడ్డ పిల్లాడిలా పరిగెడుతుంది.
దుప్పి ప్రసంగం మాత్రం,
నాలుగు నిమిషాలు, ఒక్క మాటా ఉండదు,
అక్కడ ఎవరూ నవ్వరు.
ఎందుకని అడిగితే తల గోక్కుంటారు.
కొత్తవాళ్లు మొహాలు చూస్తూ కూర్చుంటారు,
ఎవరిదో తెలియని పెళ్లికొచ్చినవాళ్లలా.

ఐలీ హర్యూ అయితే
హాల్లో ఒక్కసారి నవ్వగా నేను చూడలేదు.
బడి బస్సు నడుపుతుంది.
ఏటా అదే సీటు, స్తంభం పక్కన.
సంచిలోంచి రొట్టె ముక్క తీసి నములుతూ
పన్నుల కాగితం చదివినట్టు చూస్తుంది.
ఓసారి ఉండబట్టలేక అడిగేశాను,
నచ్చనిదానికి రావడమెందుకని.
"నాకు అప్పటికప్పుడు రాదమ్మా" అంది.
"మంగళవారానికి వస్తుంది.
నిరుడు పళ్ల డాక్టరు దగ్గర, నోట్లో గొట్టం ఉండగా
ఆ ఈత మాస్టారు గుర్తొచ్చాడు.
డాక్టరు హడలిపోయి నర్సుని కేకేశాడు.
ఇంకోసారి మా ఆయన వీలునామా చదువుతుంటే."
సంచి మూతి కట్టుకుంది.
"అప్పుడు మాత్రం బాగా వచ్చింది."

ఆఖరి సీనులో అందరూ లేచి తొడుగులు విసురుతారు.
తెరకి తగిలేవి కొన్ని,
బాల్కనీ అంచున వేలాడేవి కొన్ని,
ఒకటి తప్పకుండా పాస్టరుగారి టోపీ మీద.
అంతా వెళ్లాక, రెండున్నరకి, చీపురు పట్టుకుని
పాప్‌కార్న్ ఒక పక్కకి, ఉన్ని ఒక పక్కకి ఊడుస్తాను.
ఎరుపు, నాచురంగు,
ఎవరి అమ్మమ్మో చూపు మసకల్లో అల్లిన చుక్కలది.
పోయినసారి నూట ముప్పై ఏడు.
అన్నీ ఎడమవే.

పెట్టెకెత్తి ఐలీ బస్సులో పెడతాను.
నవంబరులో మంచు మోకాళ్లు దాటేసరికి
తొడుగులు మరిచొచ్చిన పిల్లలు అందులో చేతులు పెట్టి వెతుకుతారు.
రెండు చేతులకీ ఎడమవే తగిలించుకుంటారు.
కుడి బొటనవేలికి చోటు కుదరక
వెనక్కి మెలితిరిగి ఉంటుంది.
ఆ చేతుల్తోనే మంచు ముద్దలు విసురుకుంటారు.
ఒక్కటీ గురికి తగలదు.
ఆ సినిమా వాళ్లింకా చూడలేదు.

మొన్న మా హాలు ముందు నుంచి బస్సు పోతుంటే చూశాను.
ఐలీ స్టీరింగు మీదికి ఒంగిపోయి
ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటోంది.
ఏ వారమో
చూసుకోవడం మరిచిపోయాను.