నీళ్ళకి బిల్లు

కిసుము రిజిస్ట్రారు ఆఫీసులో
నా కంపెనీ పేరు రెండుసార్లు తిరగ్గొట్టారు.
మూడోసారి గుమాస్తాకే విసుగొచ్చి
టీ కప్పు మీంచి తలెత్తకుండా అన్నాడు:
"సరస్సు పాత పేరుంది కదా,
లోల్వే ఐస్ అని పెట్టుకో, ఎవరూ అడ్డం చెప్పరు."
నా బిడ్డకి అలా ఎవరో బారసాల చేశారు.

మిషను సెకండ్‌హ్యాండ్‌ది.
మొంబాసా నుంచి లారీలో వచ్చింది, ఒక కాలు సొట్టతో.
చిన్నమ్మ పొదుపు సంఘం డబ్బు,
బడిలో నా ఆఖరి జీతం,
మోటారుసైకిలు అమ్మిన సొమ్ము,
అన్నీ ఆ ఇనప కడుపులో పడి
మొదటిరోజు గుర్రుమన్నాయి.
ఒగుతు చప్పట్లు కొట్టాడు.
ఒగుతు మా మొదటి ఉద్యోగి. రెండోవాడు ఇప్పటికీ లేడు.

రేవులో ముసలి ఒండియెక్
వల బాగుచేసుకుంటూ అందరికీ వినపడేలా అరిచాడు:
"ఎదురుగా ఇంత సరస్సుంటే
నీళ్ళు కొనుక్కోమంటుందిరా ఈ పిల్ల!"
పడవలు పడవలుగా నవ్వారు.
నేనూ నవ్వాను.
ఆ రాత్రి కిలోకి మూడు షిల్లింగులు తగ్గించాను.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి:
ఐస్ అమ్మేవాళ్ళకి గడియారం చెవిలోనే ఉంటుంది.
బొట్టు.
బొట్టు.
కరెంటు పోయిన ప్రతి గంటా
నా పెట్టుబడి తూములోంచి జారి
కాలవ దాటి సరస్సులో కలిసేది.
ముసలాడి మాటే నిజమేమో,
నీళ్ళు నీళ్ళపాలే.

జూన్‌లో గుర్రపుడెక్క వచ్చింది.
ఊదాపూలు పెట్టుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చి
రేవంతా పరుచుకుంది.
పదకొండు రోజులు పడవ కదల్లేదు.
చేప లేనిచోట ఐస్ దేనికి?
ఒగుతు ఖాళీ డబ్బాలు కడిగాడు.
కడిగినవే మళ్ళీ కడిగాడు.
జీతం అడగలేదు.
అడిగినా బాగుండు;
అడగనివాడి కళ్ళలోకి ఎట్లా చూడాలో
బ్యాంకువాళ్ళ రెండురోజుల శిక్షణలో లేదు.

పన్నెండో పొద్దున తలుపు చప్పుడు.
ఒండియెక్ కొడుకు, టోపీ చేతిలో.
నాన్న రాత్రి పోయాడు.
పెద్దన్న కంపాలా నుంచి రావాలి, అత్తలు ఇంకా దూరం నుంచి.
నాలుగు రోజులు.
ఆసుపత్రి శవాల గదిలో మిషను చెడింది.
"ఎంత ఐసుంది?" అన్నాడు.
"ఉన్నదంతా" అన్నాను.

గడ్డలు గోనెల్లో చుట్టి, రంపంపొట్టు పోసి
రోజుకి రెండుసార్లు మోశాం.
చూడకూడదనుకుంటూనే చూశాను,
వల అల్లిన ఆ వేళ్ళ పక్కన నా సరుకు.
మంచం కింద బకెట్లో
బొట్టు. బొట్టు.

బిల్లు రాయకు అంది లోపల ఒక గొంతు.
ఒగుతుకి ఇద్దరు పిల్లలు అంది ఇంకొకటి.
రెండూ నావే.
రాశాను.
ఆయన ఎగతాళికి భయపడి తగ్గించిన ధరే వేశాను,
అంతకన్న పైసా తగ్గించలేదు.

మట్టిచేసిన మర్నాడు ఆయన భార్య వచ్చింది.
వేలు తడుపుకుంటూ నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టింది.
రసీదు అడిగింది, స్టాంపుతో సహా.
"బతికుంటే ఇంకో షిల్లింగు లాగేవాడు" అంది.
నవ్విందో ఏడ్చిందో,
స్టాంపు వెతుకుతున్నట్టు
సొరుగులోకి వంగిపోయాను.

లోల్వే ఐస్‌కి అది మొదటి లాభం.
ఒగుతుకి రెండు నెలల బాకీ తీరింది.
నాకు తీరలేదు, ఏదో.

గాలి మళ్ళి గుర్రపుడెక్క ఉగాండా వైపు కొట్టుకుపోయింది.
పడవలొచ్చాయి. తెల్లారకముందే వరస కడుతున్నారు,
ధర అడగకుండానే డబ్బాలు చాస్తున్నారు.
రేవులో నన్ను చూసి ఎవరూ నవ్వడం లేదు.
మొదటి గడ్డ కొట్టేముందు మాత్రం
సుత్తి ఎత్తి, ఒక్క క్షణం ఆగుతాను,
ఎవరైనా అరుస్తారేమోనని.