పెదవులు కలిసే అక్షరాలు

సాలిగ్రామంలో, రెండో అంతస్తులో,
పాత కార్పెట్ వాసనేసే చల్లటి గదిలో
ఇరవై ఆరేళ్లుగా గొంతు అద్దెకిస్తున్నాను.
వదినలకి, మేనత్తలకి, బోనెక్కి ఏడ్చే సాక్షులకి,
ఒకసారి మాట్లాడే ఆవుకి కూడా.

ఈ వారం అక్కని.
తెర మీది నా తమ్ముడు ముప్పై ఏళ్ల పసివాడు.
గుండీలు ఎప్పుడూ ఒకటి తప్పించి పెట్టుకుంటాడు,
మెడ వాల్చి నవ్వుతాడు,
సీతాకోకచిలుకల వెంట పరిగెడతాడు.
అడయారులో అన్ని చిలుకలు ఎక్కడ దొరికాయో వాళ్లకి!

నా అసలు తమ్ముడు బయట బెంచీ మీదున్నాడు.
సూరిబాబు. నలభై ఒకటి నిండాయి.
గుండీలు అయిదుసార్లు సరిచూసుకుంటాడు.
ఎగిరేదేదైనా భయం. సాంబారులో మునక్కాడంటే కోపం.
మొదటి చినుక్కే డాబా ఎక్కి
మా బట్టలతో పాటు పక్కవాటా వాళ్లవీ తెచ్చి
ఎవరివి వాళ్లకి మడతపెట్టి ఇచ్చొస్తాడు.
సినిమావాడు మాత్రం
వానలో చేతులు చాచి గిరగిరా తిరుగుతాడు.

"అమ్మా, గొంతులో ఇంకొంచెం తడి,"
అంటాడు గాజు అవతల్నుంచి డైరెక్టరు.
ఎంత కావాలంటే అంత.
కిలోల లెక్కన ఉంది నా దగ్గర.

ఈ పనికి చట్టం ఒకటే.
తెర మీద పెదవులు కలిసిన చోట
మన మాటలోనూ కలవాలి.
ప, బ, మ.
ఒక్కటి జారినా
అబద్ధమని చూసేవాడికి తెలిసిపోతుంది.

పదకొండో లూపులో
అక్క ఇంటిల్లిపాదినీ నిలబెట్టి అరుస్తుంది:
"మావాడికి బుద్ధి ఎదగలేదంటారా? మనసు ఎదిగింది!
పెళ్లి చేస్తాను. నేను చేస్తాను!"
ఒకే టేకు.
డేనియల్ హెడ్‌ఫోన్స్ తీసి కళ్లు తుడుచుకున్నాడు.
అడక్కుండానే నాకు టీ వచ్చింది.

మొన్న ఏప్రిల్లో, విరుగంబాక్కం నుంచి వస్తూ,
ఆటోలో వాడన్నాడు.
అక్కడి వర్క్‌షాపులో వాడు ఫినాయిల్ సీసాలకి లేబుళ్లు అతికిస్తాడు,
పొన్ని మూతలు బిగిస్తుంది.
"అక్కా, పొన్నిని మనింటికి తెచ్చుకుందామా?
నా మంచం పెద్దదే."
నేను డ్రైవరు వీపు వైపు చూశాను.
ముందు నవ్వాను. తర్వాత వద్దన్నాను.
వద్దు.
ఎన్నిసార్లన్నా పెదవులు కలవవు ఆ మాటకి.
మర్నాటి నుంచి వర్క్‌షాపు లేదు, ఈ బెంచీయే.
పొన్ని వాళ్లమ్మ రెండుసార్లు ఫోన్ చేస్తే
వాడికి ఒంట్లో బాగాలేదన్నాను,
ఆ కాస్త తడి ఎలా కలపాలో తెలిసినదాన్ని కదా.

ఇవాళ భోజనాల వేళ
డేనియల్ వాణ్ణి లోపలికి రానిచ్చి లూపు వేసి చూపించాడు.
సూరిబాబు తెర దగ్గరికెళ్లి
ఆవిడ నోట్లోకి తొంగి చూశాడు.
"నీ గొంతు ఈవిడకిచ్చావా అక్కా?"
"ఊఁ."
"ఎన్నాళ్లకి?"
"సాయంత్రం దాకా."
"ఈవిడ పెళ్లి చేస్తానంది."
"సినిమారా అది."
"గొంతు నీదే కదా."
కోపం లేదు వాడికి. లేబుల్ వంకరగా ఉందని చెప్పినట్టు చెప్పాడు.

చివరి రీల్లో ఆ తమ్ముడు
తనంతట తానే తప్పుకుంటాడు,
మెరీనా ఇసకలో ఒంటరిగా నడిచిపోతూ,
అందరూ హాయిగా ఏడ్చి ఇళ్లకెళ్లేలా.
అక్కకి ఇంకే పనీ మిగల్చడు.

నాకు మిగిలింది.
మాత్రలు ఎవరిస్తారు ఇద్దరికీ?
బిడ్డ పుడితే?
నేను పోయాక గ్యాసు ఎవరు కట్టేస్తారు?
వీటికి లూపుల్లేవు, రాసిచ్చేవాళ్లూ లేరు.

రాత్రి ఫోన్ తీశాను.
వాడు వంటింట్లో కారేజీ గిన్నెలు తోముతున్నాడు,
మూత, గిన్నె, మూత, గిన్నె.
ఇది తమిళంలో చెప్పాలి, తెర లేకుండా,
నా సొంత మొహంతో.
అవతల రింగవుతోంది.
ఏ మాటతో మొదలెట్టాలో తెలియక
పెదవులు కలిపి పట్టుకున్నాను.